చల్లారేదాకా

సోమవారం, మధ్యాహ్న భోజనం వేళ

ఏవండీ,

అద్దాలు బిగించే పనికి మీరు క్షేమంగా చేరారనీ, ఫోను సిగ్నలు మాత్రం అక్కడి కొండలకి ఇవతలే ఆగిపోయిందనీ మీ కాంట్రాక్టరు ఆఫీసువాళ్లు చెప్పారు. గురువారం గురువారం మీ దగ్గరికి సరుకుల లారీ వస్తుందట, దానితో పాటు ఉత్తరాల సంచీ వస్తుందట. పందొమ్మిదేళ్ల కాపురంలో మీకు ఉత్తరం రాయాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. పైన ఏమని సంబోధించాలో తెలియక రెండు కాగితాలు పాడుచేసి, చివరికి రోజూ పిలిచే పిలుపే పెట్టాను. ఊరందరికీ మీరు గాజాయన. నాకు ఏవండీయే.

ముందు బండి సంగతి. మీరు వెళ్తూ వెళ్తూ, గాజు కొలతలు రాసుకునే చీటీ వెనక రాసిచ్చిన నాలుగు ముక్కలు నా కళ్లజోడు పెట్టెలోనే ఉన్నాయి. "బండికి బలం పెంచాలి. కొండకి సరిపోయేంత. నమ్మకంగా ఉండాలి. మేస్త్రిని అడుగు." మూడు నెలల తర్వాత మీరు తిరిగొచ్చాక, మన ఊరి కొండ మీద కడుతున్న ఇళ్లన్నిటికీ కిటికీ అద్దాలు మోసే పని మీకే ఇస్తాననీ, అయితే నిండు లోడుతో ఎక్కడా ఆగకుండా పైకి చేరగలిగితేనే అనీ గాజు కొట్టు యజమాని షరతు పెట్టాడు కదా. పోయిన నెల మీరు ప్రయత్నించి చూసినప్పుడు మూడో మలుపు దగ్గర మన పికప్ నల్లటి పొగ కక్కి, వేడెక్కి, సగం అద్దాలు రోడ్డు పక్కన దింపుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి మీరు చెప్పలేదు, మసి పట్టిన మీ చొక్కా చెప్పింది.

నా సంగతి మీకు తెలుసుగా. లైబ్రరీలో పనిచేసే మనిషి ఏ పని అప్పగించినా ముందు పుస్తకం వెతుక్కుంటుంది. డీజిల్ ఇంజన్ల మీద మూడు పుస్తకాలు చదివాను. చదివినకొద్దీ సందేహాలు పెరిగాయి. ఒకాయన పెద్ద టర్బో పెట్టమంటాడు. ఇంకొకాయన అది పెడితే పిస్టన్లు కరిగిపోతాయంటాడు. మూడో ఆయన ఆ ఇద్దరికీ ఏమీ తెలియదంటాడు. మీరు నాకు సందేహాలమ్మ అని ఊరికే పేరు పెట్టలేదు. కానీ టర్బో అంటే ఏమిటో మాత్రం ఇన్నాళ్లకి బోధపడింది. ఇంజను వదిలే వేడి పొగతో ఒక చిన్న చక్రం తిరిగి, ఆ చక్రం బయటిగాలిని ఒత్తి మళ్లీ ఇంజనుకే పెడుతుందట. తన నిట్టూర్పుల్లోంచి తనే బలం తెచ్చుకునే యంత్రం. ఆ విద్య మనుషులకి తెలిస్తే ఎంత బాగుండును అనిపించింది.

శనివారం బజారులో బండి సామాన్ల కొట్టుకి వెళ్లాను. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని బల్లంతా కళ్లజోడు కోసం తడుముతున్న ఆయన, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని ఇంజను వైర్ల మధ్య తగిలిస్తే చాలు మేడమ్. ఇంకాస్త డీజిలు తాగిస్తుంది. బండి గుర్రమైపోతుంది."

"ఇప్పుడేమిటండీ?"

"ఇప్పుడు గాడిద అనుకోండి."

"మావారు మోసేది గాజండీ. గుర్రం గెంతితే గాజేమవుతుంది?"

ఆయన నుదుటి మీద చేతికి తగిలిన కళ్లజోడు కిందికి దించి, అప్పుడే నన్ను సరిగ్గా చూశాడు. "అయితే మీరు మేస్త్రి దగ్గరికి వెళ్లాల్సిన మనిషి," అన్నాడు.

వెళ్లాను. నిదానం మేస్త్రి అసలు పేరేమిటో మీకైనా తెలుసా? మెకానిక్ షెడ్డు బోర్డు మీద కూడా అదే ఉంది. చెయ్యి తుడుచుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకుని, అప్పుడు అడిగాడు.

"అమ్మా, దమ్ము కావాలా, నమ్మకం కావాలా?"

"రెండూ కావాలంటే?"

"అయితే నిదానం కావాలి."

సబ్బునీళ్లు కలిపి, టర్బోనుంచి గాలిని తీసుకెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం మీద పోసి, ఇంజను రేజ్ చేశాడు. ఒకచోట బుడగలు పొంగాయి. వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, మీ ఆయన బలం ఇక్కణ్ణుంచి పోతోంది." నవ్వు ఆపుకోవడం కష్టమైంది. గొట్టం చీలి ఎన్నాళ్లయిందో. టర్బో కష్టపడి ఒత్తిన గాలి సగం దారిలోనే జారిపోతుంటే, డీజిలు కాలక నల్లపొగ వస్తోందట. "కుండకి చిల్లు పెట్టుకుని బావి లోతు చేయిస్తే ఏం లాభమమ్మా? ముందు ఉన్నది నిలబెడదాం. కొత్తది తర్వాత."

ఆయన లెక్కలో బలం అన్నిటికన్నా చివర. ముందు డ్రైవరుకి చూపు కావాలి, అంటే పొగ ఎంత వేడిగా ఉందో, గాలి ఎంత ఒత్తిడిలో ఉందో చెప్పే రెండు గేజీలు. ఆ తర్వాత, వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇంకాస్త పెద్దది. పెరిగే బలాన్ని పట్టుకోగలిగే క్లచ్. "ఎక్కే బండి దిగాలి కూడా కదా," అని బ్రేకులు. ఇవన్నీ అయ్యాక అప్పుడు, కూరలో ఉప్పు వేసినట్టు, ఇంజను కంప్యూటర్లో డీజిలు లెక్క రవ్వంత పెంచుతాడట. నేను ఒక్కోదాని మీదా మూడేసి ప్రశ్నలు వేశాను. విసుక్కోలేదు. ఆఖర్న ఆయనే ఒక ప్రశ్న వేశాడు: పక్క సీటు తలుపు బయటినుంచి తెరుచుకోవడం లేదు, లోపలినుంచి తీస్తేనే వస్తోంది, ఆ హ్యాండిల్ కూడా మార్చెయ్యనా అని. "మావారి చీటీలో అది లేదండీ," అన్నాను.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మోకాళ్లకి తైలం రాసుకోరా అంటే రాసుకోడు, బండికి మాత్రం కొత్త ఊపిరితిత్తులు కావాలా వాడికి," అంటున్నారు. తైలం సీసా ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నారు. రాసుకోండి.

మీకు ఇంకో మాట రాయాలి. ఇవాళ కాదు. లైబ్రరీలో ఎవరో బెల్లు కొడుతున్నారు.

మీ
సందేహాలమ్మ

* * *

ఆదివారం, సాయంత్రం

ఏవండీ,

రెండు నెలల్లో మీ దగ్గర్నుంచి నాలుగు కార్డులు. ఆఖరి దాంట్లో మూడు వాక్యాలు. "బాగున్నా. చలిగా ఉంది. బండి ఎలా ఉంది?" మూడింట ఒకటి బండికి. నేను ఫిర్యాదు చెయ్యడం లేదు, లెక్క చెబుతున్నానంతే.

బండి బాగుంది. సామాన్లు రావడానికి నెలా పది రోజులు పట్టింది, బిగించడానికి మేస్త్రి నిదానం ఇంకో పది రోజులు. ఇవాళ ఉదయం పరీక్ష. గాజు బదులు అంతే బరువు ఇసుక మూటలు వేయించి, తాళం నా చేతిలో పెట్టాడు. నాకు లైసెన్సు ఉంది గానీ ధైర్యం లేదన్నాను. "ఆయన లేనప్పుడు దీన్ని కదిలించాల్సింది మీరే కదమ్మా. సూదిని చూడండి, రోడ్డుని చూడండి, నన్ను మాత్రం చూడకండి," అన్నాడు. కొండ మొదలవగానే ఎందుకన్నాడో తెలిసింది. పైన పట్టుకునే పిడిని రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

మూడో మలుపు దగ్గర నా గుండె మీ చొక్కా గుర్తుచేసుకుంది. గేరు తగ్గించాను. వేడి చూపే సూది మెల్లగా లేచి, ఎర్రగీతకి చాలా ఇవతలే ఆగి నిలబడింది. బండి గెంతలేదు, అరవలేదు. వెనకనుంచి ఎవరో పెద్దమనిషి అరచెయ్యి ఆనించి తోస్తున్నట్టు, ఒకే తీరుగా ఎక్కింది. పైన మేస్త్రి కళ్లు తెరిచి, "ఇంకా కొంచెం పెంచవచ్చు. కానీ పెంచను," అన్నాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది.

తిరిగి మన వీధి ఎత్తు ఎక్కి, గేటు ముందు ఆపి, తాళం మీద చెయ్యి వేశాను.

"ఆపకండమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఏమైంది?"

"చల్లారాలి కదా."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన నా మొహం చూడకుండా చెప్పుకుపోతున్నాడు. ఎత్తు ఎక్కి వచ్చిన బండిలో టర్బో చక్రం ఇంకా కాలుతూనే ఉంటుందట. అప్పుడే ఇంజను ఆపేస్తే నూనె నడక ఆగిపోయి, చక్రం దగ్గరున్న నూనె అక్కడికక్కడే మాడి బొగ్గవుతుందట. "ఎంత మంచి సామాను వేసినా ఈ రెండు నిమిషాలు ఓపిక లేకపోతే అంతా వృథా. మీ ఆయన చెయ్యరూ?"

"చేస్తారు," అన్నాను. "రోజూ చేస్తారు."

ఏవండీ, ఇప్పుడు ఆ ఇంకో మాట రాస్తాను. మధ్యలో ఆగితే మళ్లీ రాయలేను.

పందొమ్మిదేళ్లుగా ప్రతి సాయంత్రం మీ బండి చప్పుడు వీధి మొదట్లోనే నాకు వినిపిస్తుంది. గేటు దగ్గర ఆగుతుంది. మీరు దిగరు. వంటింటి కిటికీలోంచి మీ తల వెనకభాగం, స్టీరింగ్ మీద మీ రెండు చేతులు కనిపిస్తాయి. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు, ఒక్కోరోజు ఐదు. అప్పుడు దిగుతారు. లోపలికొచ్చి ఆ రోజు చూసినదాంట్లోంచి ఒకే ఒక్కటి చెబుతారు. కాకి అద్దంలో తన నీడతో పోట్లాడిందనో, ఎవరో ముసలావిడ కొత్త కిటికీకి నమస్కారం పెట్టిందనో. అంతే. తర్వాత భోజనం.

పెళ్లయిన మూడో ఏట ఒకరోజు నేనే గేటు దాకా వచ్చి అడిగాను, ఇక్కడేం చేస్తున్నారని. మీరు తల తిప్పలేదు. "చల్లారాలి," అన్నారు. ఒక్క మాట. నేను వెనక్కి వచ్చేశాను. ఆ మాటని ఎన్ని రకాలుగా చదువుకున్నానో మీకు తెలియదు. పొయ్యి చల్లారుతుంది, కోపం చల్లారుతుంది, మమకారమూ చల్లారుతుంది. పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలో తేల్చడమే నా ఉద్యోగం. ఈ ఒక్క మాటని పెట్టడానికి మాత్రం ఏ అరా దొరకలేదు. చివరికి ఒక అర్థానికి వచ్చాను: నా ఇంటి ముందు ఒక మనిషి రోజూ కాసేపు కూర్చుని, నా దగ్గరికి రావడానికి ఓపిక కూడగట్టుకుంటున్నాడు. నేను గుమ్మంలోనే ప్రశ్నలు మొదలుపెట్టే మనిషిని. మీరు పదో తరగతితో ఆపేసి పనిలో దిగినవారు, నేను యూనివర్సిటీ దాకా చదివినదాన్ని. మీకు విసుగే అనుకున్నాను. మిమ్మల్ని తప్పు పట్టలేదు. అడగనూ లేదు. రోజుకి నలభై ప్రశ్నలు వేసే నోరు ఆ ఒక్క ప్రశ్న దగ్గర మూతపడింది.

నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో, ఒక పాత లైబ్రరీ మొత్తాన్ని చక్కదిద్దే పని ఉంది. మూడేళ్లు. మీరు వెళ్లిన మర్నాడే అర్జీ పెట్టాను. ఇస్తామని జవాబు వచ్చింది. నెలాఖరులోగా నా సమ్మతి చెప్పాలి. మీకు చెప్పలేదు. మంచి ఉద్యోగమే, కానీ నేను అర్జీ పెట్టింది ఉద్యోగం కోసం కాదు. ఆ నాలుగు నిమిషాలు కిటికీలోంచి కనపడని చోటికి పోదామని.

ఇవాళ మీ సీట్లో కూర్చున్నాను. అక్కణ్ణుంచి, పక్క అద్దంలో, వెనకున్న మన వంటింటి కిటికీ కనిపిస్తుందని నాకు తెలియదు. అత్తయ్య తల అటూ ఇటూ కదులుతోంది. నా కుర్చీ ఖాళీగా ఉంది. మేస్త్రి రెండు నిమిషాలు లెక్కపెట్టి, ఇప్పుడు ఆపండి అన్నాడు. పందొమ్మిదేళ్ల దుఃఖం ఒక నూనె సంగతి అని తేలితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేస్త్రి ముందు రెండూ బాగుండవని దిగిపోయాను.

మీ
సందేహాలమ్మ

* * *

బుధవారం

ఏవండీ,

ఆదివారం రాసిన ఉత్తరం ఇంకా సంచీలో వెయ్యలేదు. దానికి ఇది తోడు. ముందు అది చదివి ఇది చదవండి.

రెండు రోజులు నేను హాయిగా ఉన్నాను. అత్తయ్యకి కూడా చెప్పాను, మీరు గేటు దగ్గర కూర్చునేది టర్బో కోసమని. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు. "ఏ టర్బో అమ్మాయ్? ఆ పాత డొక్కు బండి ఉన్న రోజుల్లోనూ వాడంతేగా. ఇంజను ఆపేసి మరీ కూర్చునేవాడు."

పాత బండి. పెళ్లయిన మొదటి పదకొండేళ్లూ మనకున్నది అదే. మీరు "చల్లారాలి" అన్నది అందులో కూర్చునే. నిన్న సాయంత్రం మేస్త్రిని అడిగాను. "దానికి టర్బో ఎక్కడిదమ్మా? అది తాళం తిప్పితే ఆగేది, ఒక్కోరోజు తిప్పకపోయినా ఆగేది," అన్నాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఇవాళ ఉదయం ఆ సామాన్ల కొట్టుకి మళ్లీ వెళ్లి చిన్న పెట్టె ఒకటి కొన్నాను. అది తగిలిస్తే మనిషి తాళం తీసుకుని దిగిపోయినా ఇంజను దానంతటదే రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. మీకు శ్రమ తగ్గించడానికని మేస్త్రితో చెప్పాను. "నడుస్తున్న బండిలో మనిషి ఉండాలమ్మా, అందులోనూ గాజు బండి," అని ఆయన బిగించనన్నాడు. శ్రమ తగ్గించడానికి కాదు. పెట్టె ఉన్నా మీరు కూర్చుంటే అది టర్బో కోసం కాదని తేలుతుందని కొన్నాను. భర్తకి పరీక్ష పెట్టడానికి సామాను కొనే స్థితికి వచ్చానని సిగ్గుగా ఉంది. పెట్టె నా చేతిసంచీలో ఉంది. పరీక్ష మానేసి, పదహారేళ్ల కిందట అడగాల్సినట్టుగా ఇప్పుడు అడుగుతున్నాను.

టర్బో లేని రోజుల్లో ఏం చల్లారాలి? ఒక్క మాటలో చెప్పవద్దు.

ఆ ఉద్యోగానికి జవాబు ఇవ్వడానికి నాకింకా పద్దెనిమిది రోజులున్నాయి.

మీ
సందేహాలమ్మ

* * *

సందేహాలమ్మకి,

ఒక్క మాటలో వద్దన్నావు కదా. మూడు రోజులనుంచి రాస్తున్నా. మొదటి రెండు రోజులు రాసిన వాటితో మా వంటాయన పొయ్యి రాజేసుకున్నాడు. నా రాత చూసి నవ్వకు, చేతులు చలికి కొయ్యల్లా ఉన్నాయి. తైలం రాసుకుంటున్నానని అమ్మకి చెప్పు.

నువ్వు తప్పుగా వినలేదు. చల్లారాలి అన్నది నా గురించే. ఆ పాత బండికి టర్బో లేదు, నాకుంది.

మన పెళ్లయిన రెండో నెల సంగతి. ఆ బండి క్యాబిన్లో మోత ఎంతంటే, పక్కనున్నవాడితో కూడా అరిచే మాట్లాడాలి. రోజంతా అరిచి అరిచి, దిగాక కూడా చెవుల్లో మోత ఆగేది కాదు. ఆ రోజు గుమ్మంలోకి వచ్చి మంచినీళ్లు అడిగా. మామూలుగానే అడిగాననుకున్నా. నువ్వు కుర్చీలో చదువుకుంటున్నావు. గబుక్కున లేచి నిలబడ్డావు. నీళ్లు తేవడానికి కాదు. ఊరికే నిలబడ్డావు, పుస్తకం గుండెకి హత్తుకుని, తల వంచుకుని.

పెళ్లికి ముందు మీ లైబ్రరీ కిటికీలకి అద్దాలు బిగించడానికి వచ్చినప్పుడు నువ్వు ఎవరితోనో ఒకటి చెప్పావు. మీ నాన్న ఇంటికొచ్చి గొంతు పెంచితే మీ అమ్మా నువ్వూ ఎక్కడివాళ్లక్కడ లేచి నిలబడేవాళ్లమని. నవ్వుతూనే చెప్పావు. నేను నిచ్చెన మీద ఉన్నా. నాకు వినపడలేదనుకున్నావు.

ఆ రోజు ఆ నీళ్లు తాగకుండా పక్కన పెట్టేశా. ఈ పిల్ల నన్ను చూసి ఇంకోసారి అలా నిలబడకూడదు అనుకున్నా. మర్నాటినుంచి గేటు దగ్గర ఇంజను ఆపి కూర్చోవడం మొదలుపెట్టా, మోత దిగేదాకా. ఏమోయ్, ఏమోయ్ అని రెండుసార్లు నాలో నేనే అనుకునేవాణ్ణి, గొంతు ఇంట్లో గొంతులా ఉందో లేదో చూసుకోవడానికి. సరిపోయింది అనిపిస్తే దిగేవాణ్ణి. ఇంకోటి. లోపలికొస్తే నువ్వు ప్రశ్నలేస్తావు. ఉత్త చేతులతో ఎలా వస్తాను? రోజంతా చూసిందాంట్లో నీకు బాగుండేది ఏదా అని వెతుక్కునేవాణ్ణి. నేను చదువుకున్నవాణ్ణి కాదు, రోజుకి ఒకటి దొరకడమే గొప్ప. ఆ కాకి సంగతి ఏరడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఈ బండి కొన్నప్పుడు మేస్త్రి, టర్బో చల్లారాలి, రెండు నిమిషాలు ఆగి దిగు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్లుగా చేస్తున్న పనికి అప్పుడు మర్యాదైన కారణం దొరికింది. ఎవరడిగినా అదే చెప్పా. నువ్వు మాత్రం మళ్లీ అడగలేదు. అడగకపోతే నీకు తెలుసనుకున్నా. నువ్వు అడగకుండా ఊరుకున్నది ఏదైనా ఉంటే అది పెద్దదని నాకు తెలిసుండాల్సింది. అది నా తప్పు.

ఉద్యోగం నీకు ఇష్టమైతే వెళ్లు. నా మీద బాధతో వెళ్లకు, అంతే. నాలుగు గంటల దారి పెద్ద దూరమేం కాదు. బండికి బలం పెంచింది ఎందుకు?

ఆ పెట్టె మాత్రం వద్దు.

నీ
గాజాయన

* * *

మంగళవారం, లైబ్రరీలో నా బల్ల దగ్గర

ఏవండీ,

నాకు గుర్తు లేదు. మీ ఉత్తరం చదివి, ఆ రోజు కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఆ కుర్చీ గుర్తుంది, అప్పుడు చదువుతున్న పుస్తకం కూడా గుర్తుంది. నేను లేచి నిలబడడం మాత్రం లేదు. మా నాన్న ముందు నిలబడినవన్నీ గుర్తున్నాయి, రోజుల వారీగా చెప్పగలను. ఇది ఒక్కటే మరిచిపోయానంటే, ఆ తర్వాత పందొమ్మిదేళ్లలో మళ్లీ నిలబడాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదన్నమాట. ఆ సంగతి నేను గమనించనైనా లేదు. ఉన్న నొప్పినే లెక్కపెట్టుకున్నాను గానీ, లేకుండా పోయిన నొప్పి నాకు తెలియలేదు. అది పోవడానికి మీకు రోజూ నాలుగు నిమిషాలు పట్టింది.

పెట్టె తిరిగి ఇచ్చేశాను. "ఎందుకు మేడమ్, పని చెయ్యలేదా?" అని అడిగాడాయన, మళ్లీ కళ్లజోడు వెతుక్కుంటూ. "అది చేసే పని మా ఇంట్లో మనిషి చేస్తాడండీ," అన్నాను. కళ్లజోడు నుదుటి మీద ఉందని కూడా చెప్పాను.

నిన్న సమ్మతి పత్రం పోస్టులో వేశాను. వెళ్తున్నాను. వాళ్ల జవాబు వచ్చిన రోజే రాసిపెట్టుకున్న పత్రమే, ఒక్క అక్షరం మార్చలేదు. అప్పుడు దానికి వెళ్లిపోవడం అని అర్థం. ఇప్పుడు నాలుగు గంటల దారి అని అర్థం. మాట అదే ఉండి అర్థం తిరగబడుతుందని మీ దగ్గరే నేర్చుకున్నాను. చేరడం వచ్చే నెల పదిహేనున. మీరు వచ్చాక రెండు వారాలు ఇంట్లోనే ఉంటాను. అత్తయ్యకి చెబితే, "ఇక్కణ్ణుంచి అక్కడికి నాలుగు గంటలా? అందులో సగం వాడు నీ గేటు ముందే కూర్చుంటాడు," అన్నారు. నాతో వచ్చి కొన్నాళ్లు ఉంటానని కూడా అన్నారు, మీ వంట మీద నమ్మకం లేదట.

గాజు కొట్టు యజమాని నిన్న వచ్చి ఇసుక మూటలతో బండి కొండెక్కడం కళ్లారా చూశాడు. నడిపింది నేనే. అద్దాలు మోసే పని మీకే.

శుక్రవారం బస్టాండుకి బండి నేనే తెస్తాను. పక్క సీటు హ్యాండిల్ మార్చనా అని మేస్త్రి ఇంకోసారి అడిగాడు. ఈసారి చీటీ వంక చెప్పలేదు, నాకే వద్దన్నాను. ఆ తలుపు బయటినుంచి తెరుచుకోదు కదా, మీరు లాగి చూడకండి. పక్కన నిలబడండి, నేను లోపలినుంచి తీస్తాను. దారిలో ఏమీ మాట్లాడక్కర్లేదు. గేటు ముందు ఆగాక తొందరపడి దిగవద్దు. మన వీధి ఎత్తు ఎక్కి వచ్చిన బండి. ఈసారి ఇద్దరం కూర్చుందాం, చల్లారేదాకా.

మీ
సందేహాలమ్మ